బుగ్గలు కాదు, వాపు

బాన్సువాడలో ఇప్పుడు చెప్పుకుంటున్న కథ ఇది. ఆశ్రమంలో బొద్దుగా, ముద్దుగా ఉన్న పిల్లను ఒక పొగరుబోతు ఆడది పంతానికి పోయి దవాఖానకు లాక్కుపోయింది, మూడు వారాల్లో పుల్లలా చేసి తెచ్చింది. ఆ పొగరుబోతు ఆడదాన్ని నేనే. పొగరు సంగతి ఒప్పుకుంటాను. డిగ్రీ చదివే రోజుల నుంచీ ఉంది, ఇక పోదు. మిగతాదంతా అబద్ధం.

రెండో కథ మా చుట్టాలు చెప్పేది. అందులో నేను దేవతను, దిక్కులేని పిల్ల ప్రాణం నిలబెట్టాను. ఇది మొదటిదానికంటే పెద్ద అబద్ధం. ఆ పిల్ల అలా కావడంలో నా చేయి కూడా ఉంది. ఏడేళ్లుగా ఆ ఆశ్రమంలో నా చేయి ఉంది. అందుకే రాస్తున్నాను. మీ చేయి కూడా ఎక్కడో ఉండే ఉంటుంది కాబట్టి చదవండి.

పిల్ల అసలు పేరు రాయను, రాయకూడదు. పిట్ట అంటాను. వయసు మూడున్నర. జుక్కల్ వైపు ఒక తండాలో పుట్టింది. తల్లి పోయింది. తండ్రి చెరకు నరకడానికి పోయి మళ్లీ రాలేదు. కళ్లు కనిపించని నాయనమ్మ అధికారులకు అప్పగిస్తే, వాళ్లు మా ఊరి ఆశ్రమంలో చేర్చారు. ఆశ్రమం పేరు కూడా రాయను. రాస్తే మీరంతా ఆ ఒక్క ఇంటిని తిట్టి హాయిగా పడుకుంటారు.

నాకు బస్టాండు దగ్గర జిరాక్సు షాపు ఉంది. పదకొండేళ్లు ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెప్పి, కరస్పాండెంటుతో గొడవపడి బయటికొచ్చి పెట్టుకున్నాను. ఆశ్రమం పనంతా మా షాపులోనే. దాతలకిచ్చే ప్రశంసాపత్రాలు లామినేషన్ చేసేది నేను. ప్రతి నెలా వాళ్ల అన్నదానం చార్టు టైపు చేసేదీ నేనే. తేదీకొక గడి. గడిలో దాత పేరు, కింద సందర్భం: పుట్టినరోజు, పెళ్లిరోజు, ఫలానా వారి వర్ధంతి. కొన్ని గళ్లు నిండేవి, కొన్ని ఖాళీగా ఉండేవి. ఆ ఖాళీ గడి రోజున పిల్లలు ఏం తింటారని ఒక్కనాడూ నాకు తోచలేదు. అక్షరదోషాలు మాత్రం శ్రద్ధగా దిద్దేదాన్ని.

జూన్ నెలలో ఒక గడి నాది. మా అమ్మ వర్ధంతి.

జూన్, రెండో వారం

పన్నెండున్నరకు వస్తామని చెప్పాను. వంట మాస్టరు ఆలస్యం చేశాడు. మా ఆయన అక్క సులోచన వదిన, అమ్మ ఫోటోకు దండ లేకపోతే ఎట్లా అని బండి వెనక్కి తిప్పించింది. బగార అన్నం, కోడి కూర, జిలేబీ ట్రే తీసుకుని మేం చేరేసరికి రెండూ నలభై.

పిల్లలు హాల్లో రెండు వరుసల్లో కూర్చుని ఉన్నారు. నూనె పెట్టి దువ్విన తలలు, పౌడరు పూసిన మొహాలు. మా అమ్మ పేరు చెప్పి ప్రార్థన చేశారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫోన్ తీసి ఫోటోలు కొట్టాను. పిట్ట వరుస చివర్లో ఉంది. వదిన వంగి దాని బుగ్గ గిల్లింది.

"చూడు పద్మా, బుగ్గలు ఎట్లున్నయో! మన ఇంట్ల పోరగాండ్లు గిట్ల ఉండరు."

"అవును వదినా, మంచిగ చూస్కుంటున్నరు" అన్నాను.

ఈ మాట నేనే అన్నాను. ఎవరూ గుర్తుచేయక్కర్లేదు, నాకే గుర్తుంది.

పెద్ద పిల్లలు ఎగబడి తిన్నారు. పిట్ట విస్తరి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. ఎత్తుకుని చాప మీద పడుకోబెట్టి, చెప్పు తీయబోతే పట్టీ రాలేదు. పాదంలో దిగిపోయి ఉంది. గట్టిగా లాగితే ఊడింది, పట్టీ ఉన్నచోట కాలువ తవ్వినట్టు గాడి. ఎందుకో బొటనవేలితో పాదం మీద నొక్కాను. గుంట పడింది. పోయి మంచినీళ్లు తాగి వచ్చి చూశాను. గుంట ఇంకా అలాగే ఉంది.

వంటా ఆయాపనీ రెండూ చేసే లచ్చవ్వ గిన్నెలు తోముతోంది. ఆమెను పిలిచాను.

"లచ్చవ్వా, ఈ పిల్ల కాళ్లేంది గిట్లున్నయి?"

"నీరు వట్టినట్టుందమ్మా. అది తింటలేదు. ఏం వెట్టినా మొకం తిప్పుకుంటది. మొండిది."

"పొద్దుగాల ఏం తిన్నది?"

"పొద్దుగాల ఏముంటది? ఇయ్యాల మీది ఉన్నది గదా."

"మాది ఉంటే?"

నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసింది. "మీది ఉంటే పొయ్యి ముట్టియ్యమమ్మా. కడుపు నిండుంటే మీ ముంగట తినరు. తినకుంటే మీరు మొకం మాడ్చుకుంటరు. సారు నన్నంటడు. చాయ్ పోసిన, రెండేసి బిస్కెట్లిచ్చిన. పెద్దోళ్లు ఓపిక వడ్తరు. గీ చిన్నోళ్లు సూసి సూసి సోలిపోతరు. లేచెటాల్లకు సల్లారిన అన్నం, గదీ కారం."

"మరి ఎవ్వరిదీ లేని రోజు?"

"అన్నం, చారు. పప్పుంటే పప్పు."

"గుడ్లు?"

"గుడ్లెవరు తెస్తరమ్మా? అందరు కేకులే తెస్తరు."

ఏడేళ్లు. ఏడు జూన్ నెలలు. ఏ సంవత్సరమూ నేను రెండు దాటకుండా పోలేదు. మా అమ్మ పేరు మీద నేను పెట్టింది అన్నమో, ఉపవాసమో మీరే చెప్పండి.

మర్నాడు

ఆశ్రమం కార్యదర్శి చాలా మర్యాదస్తుడు. ఎంత మర్యాద అంటే, మనం అరిచిన కొద్దీ ఆయన గొంతు తగ్గుతుంది, చూసేవాళ్లకు మనమే పిచ్చివాళ్లలా కనిపిస్తాం.

"మేడం, మీరు సెంటిమెంటుగ తీస్కుంటుండ్రు. మా పిల్లలు తినే బిర్యానీ మా ఇంట్లనే వండరు. గీ పిల్లకు ఆకలి తక్కువ, పుట్టుకతోనే."

"పుట్టినప్పుడు మీరు పక్కన ఉన్నరా?"

"చూడుండ్రి, మళ్ల కోపం."

దవాఖానకు పంపడానికి మనిషి లేడన్నాడు. నేను తీసుకుపోతానన్నాను. అధికారులకు ఫోన్ చేసి అడిగి, ఆశ్రమం కాగితం మీద ఉత్తరం రాసిచ్చాడు. ఆ కాగితం కూడా మా షాపులో అచ్చువేసిందే.

మా ఊరి దవాఖానలో డాక్టరమ్మకు మా అమ్మాయి వయసే ఉంటుంది. పిట్ట జుట్టు రెండు వేళ్లతో పట్టుకుంటే నొప్పి లేకుండా ఊడొచ్చింది. కాళ్ల మీద చర్మం పాత గోడ రంగులా పెచ్చులు లేస్తోంది. ఇవన్నీ ముందు రోజు ఎందుకు చూడలేదని మీరు అడగొచ్చు. గౌను పొడుగ్గా ఉంది, రిబ్బన్లు అందంగా ఉన్నాయి, నేను ఫోటో తీస్తున్నాను.

"ఇది కండ కాదు మేడం, సరైన తిండి లేక చేరిన నీళ్లు. లోపల పిల్ల లేదు" అందామె. "ఇలాంటి పిల్లల కోసం వేరే వార్డుంది, పెద్ద దవాఖానలో. తల్లి పక్కన ఉండాలి, రెండు మూడు వారాలు. తల్లి ఎవరు?"

నేను గోడ మీద టీకాల బొమ్మ చూశాను. "నేను ఉంటా" అన్నాను. ధైర్యంతో కాదు. ఆ గదిలో ఇంకెవరూ లేరు.

ఇంట్లో చెప్పగానే మా ఆయన తింటున్న కంచం పక్కకు జరిపారు. ఆయన పెద్ద కొడప్‌గల్‌లో సర్కారు బడి పంతులు. బడులు అప్పుడే తెరిచారు.

"షాపు?"

"మూస్త."

"ఎవరి పిల్లకు?"

దానికి జవాబు వదిన ఇచ్చింది. "నీ సొంత బిడ్డకు జరమొస్తే గోలీ చేతుల వెట్టి బడికి తోలినదానివి" అంది. అది నిజం. నిజం కాబట్టే ఇంకా గట్టిగా అరిచాను. హైదరాబాదులో చదువుతున్న మా అమ్మాయి ఫోన్లో ఒకటే అడిగింది: "అమ్మా, నువ్వు పిల్ల కోసం పోతున్నవా, గెలువనీకి పోతున్నవా?" ఫోన్ పెట్టేశాను.

వార్డులో మొదటి నాలుగు రోజులు

పెద్ద దవాఖానలో, చేర్చుకునే కిటికీ ముందు బల్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. పిట్ట ఏడవలేదు. దిగుతానని గింజుకోలేదు. దారిన పోయే వాళ్లందరూ "ఎంత బుద్ధిమంతురాలు!" అన్నారు. ఆశ్రమంలోనూ అదే మాట. మూడున్నరేళ్ల పిల్ల నాలుగు గంటలు కదలకుండా కూర్చుంటే దాన్ని బుద్ధి అనుకునే ఊళ్లలో ఉన్నాం మనం.

ఫారంలో తల్లి పేరు అని ఒక గడి. సిస్టరు పెన్ను పట్టుకుని నా వైపు చూసింది.

"నేను ఎవరినీ కాను" అన్నాను.

"ఎవరూ కాదని రాస్తే కంప్యూటర్ తీస్కోదమ్మా. అటెండెంట్ అని రాస్త."

అలా నాకు ఒక వరస దొరికింది.

వైద్యం అంటే సూదులు, సీసాలు అనుకున్నాను. ఇక్కడ వైద్యం గడియారం. రెండు గంటలకొకసారి చిన్న గిన్నెలో కొలిచిన పాలు. కొన్ని గుటకలు, అంతే. రాత్రీ పగలూ అంతే. నాకు ఒళ్లు మండింది. ఆకలితో చస్తున్న పిల్లకు ఈ చెంచాడు పాలేమిటి, కడుపు నిండా అన్నం పెట్టమని వార్డు డాక్టరుతో వాదనకు దిగాను.

"ఆకలి చచ్చిన ఒళ్లు మేడం ఇది. ఒక్కసారే నింపితే గుండె ఆగిపోతది. మీరు ప్రేమగ పెట్టిందే ప్రాణం తీస్తది" అన్నాడాయన.

వాదనలో ఓడిపోయి సంతోషించిన సందర్భాలు నాకు తక్కువ. ఆ రోజు సంతోషం కూడా లేదు, భయం. ఆ గిన్నెడు పాలు కూడా పిట్ట తాగడం లేదు. పెదవికి ఆనించగానే మొహం గోడ వైపు తిప్పేది.

పక్క మంచం శాంతాబాయిది. పెద్ద కొడప్‌గల్ దగ్గరి తండా నుంచి చిన్న కొడుకును తీసుకొచ్చి అప్పటికే పది రోజులైంది. నా అవస్థ ఒక పూటంతా చూసి, ఇక తట్టుకోలేక లేచి వచ్చింది.

"అక్కా, నువ్వు పిల్లను ఫైలు వట్టుకున్నట్టు వట్టుకున్నవ్."

పిట్టను తీసుకుని తన రొమ్ముకు ఆనించుకుంది, కొంగు కప్పింది, తండా భాషలో ఏదో గొణిగింది. రెండు రోజుల్లో మొదటిసారి పిట్ట తల తిప్పి ఒక మనిషి మొహంలోకి చూసింది. "యాడీ" అంది. అమ్మా అని. శాంతాబాయి కళ్లు తుడుచుకుని, చెంచా నా చేతిలో పెట్టి, "ఇగ పాలు పొయ్యి. నా మీద పండుకోవెట్టే పొయ్యి. మెల్లగ" అంది. నాలుగు చెంచాలు లోపలికి పోయాయి. నేను ఆ ఆడమనిషికి ఇంతవరకూ సరిగ్గా కృతజ్ఞత చెప్పలేదు. ఆమె చదువుకోలేదు కాబట్టి ఇది చదవదు, ఎవరైనా చదివి వినిపించండి.

రోజూ పొద్దున తూకం. రెండో రోజు బరువు తగ్గింది. మూడో రోజు ఇంకా తగ్గింది. నాలుగో రోజుకు, పౌడరుతో మెరుస్తూ చూసిన ఆ బుగ్గలు లేవు. మొహంలో ఒక ముసలి మనిషి బయటపడింది. ప్రక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. నేను సిస్టరు మీద పడ్డాను.

"పిల్ల కరిగిపోతుంటే మీరు రాసుకుంటూ కూసున్నరా?"

ఆమె తల ఎత్తలేదు. "కరిగేది పిల్ల కాదమ్మా, నీళ్లు. మీరు తెచ్చిన రోజు కూడ పిల్ల ఇంతే ఉండె. ఇప్పుడు కనవడుతుంది, గంతే."

చూడండి, గుంట పడిన పాదం చూసిన నేను, డాక్టరు చెప్పగా విన్న నేను, ఇంకా ఆ బుగ్గలనే నమ్ముతున్నాను. ఊరిని ఏమనగలను? అంటాననుకోండి.

ఐదో రోజు

కార్యదర్శి వచ్చాడు, ఊళ్లోని ఒక దాతల జంటను వెంటబెట్టుకుని. చేతిలో యాపిల్ పళ్ల బుట్ట, దానికి రిబ్బను. పిట్టను చూడగానే ఆ ఇల్లాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, గిదేంది! మా పెండ్లిరోజుకు మేమొచ్చినప్పుడు ఎంత ముద్దుగుండె! ఏం జేసిన్రమ్మా దీన్ని?"

"మీ పెళ్లిరోజుకు మీరు ఎన్నింటికి వచ్చిన్రు?" అని అడిగాను.

"ఏందీ?"

"అన్నం తీస్కోని ఎన్నింటికి వచ్చిన్రు?"

ఆమె భర్త వైపు చూసింది. భర్త యాపిల్ పళ్ల వైపు చూశాడు. కార్యదర్శి మెల్లని గొంతుతో, "మేడం జర టెన్షన్ల ఉన్నరు" అని, ఫోన్ తీసి పిట్టను ఫోటో తీసుకున్నాడు. ఆయన మొహంలో నేను చూసింది కోపం కాదు, ఊరట.

సాయంత్రానికి ఊరి వాట్సాప్ గ్రూపులో రెండు ఫోటోలు పక్కపక్కన. ఆశ్రమంలో ఉన్నప్పుడు. ఇప్పుడు. కింద ఏమీ రాయలేదు, రాయాల్సిన పని లేదు. మొదటి ఫోటో ఎవరు తీసిందో తెలుసా? నేను. మా అమ్మ వర్ధంతినాడు తీసి, ధన్యవాదాలతో వాళ్లకు పంపిన ఫోటో. పిట్ట మొహం నిండుగా, నున్నగా మెరుస్తోంది. నా మీద నేనే తయారుచేసి ఇచ్చిన సాక్ష్యం.

ఫోన్లు మొదలయ్యాయి. నాతో బడిలో పనిచేసిన టీచర్లు, షాపు పక్క టైలరు, పలకరింపు మర్చిపోయిన చుట్టాలు. "ఎందుకొచ్చిన లొల్లి పద్మక్కా, పిల్లను మళ్ల వాళ్లకిచ్చెయ్యరాదు?" ఒక్కరంటే ఒక్కరు పిల్ల ఈ పూట పాలు తాగిందా అని అడగలేదు.

ఆదివారం మా ఆయన వచ్చారు. నన్ను తీసుకుపోవడానికే వచ్చారు, మొహంలోనే తెలుస్తోంది. నేను నోరు తెరవకముందే సిస్టరు గిన్నె తెచ్చి ఎవరు దగ్గరుంటే వాళ్ల చేతిలో పెట్టింది. అది ఆయన చేతిలో పడింది. మధ్యాహ్నం రెండు గంటల పాలు ఆయన పట్టారు. తర్వాత పిట్ట పాదం మీద వేలు పెట్టి నొక్కి చూశారు. వాపు తగ్గినా గుంట ఇంకా కొంచెం పడుతోంది.

"మా బళ్ల పప్పు పొంగు వాసనకే పోరగాండ్లు కిటికీలకెంచి చూస్తుంటరు" అన్నారు. "ఇది గిన్నె దిక్కు చూడనే చూడదు."

నాలుగు గంటల పాలు కూడా ఆయనే పట్టారు. నన్ను పడుకోమన్నారు. ఆ వారంలో నేను నిద్రపోయింది ఆ మధ్యాహ్నమే. వెళ్లేటప్పుడు, "వచ్చే ఆదివారం వస్త. అక్కకు నేను చెప్త" అన్నారు. పెళ్లయి పాతికేళ్లలో మా వదినకు ఆయన ఏదైనా చెబుతానన్నది అదే మొదలు.

తొమ్మిదో రోజు

గిన్నె ఖాళీ అయింది. నేను తీసేయబోతే పిట్ట దాన్ని రెండు చేతులా పట్టుకుంది. లాగాను. వదల్లేదు. అప్పుడు ఏడ్చింది. ఏడుపంటే అలాంటిలాంటిది కాదు. నోరంతా తెరిచి, కాళ్లు కొట్టుకుంటూ, నన్ను తంతూ. డాక్టరు వరండాలోంచి పరుగెత్తుకొచ్చి, ఏడుస్తున్న పిల్లను చూసి నవ్వాడు. సిస్టరు నవ్వింది. వార్డులో తల్లులందరూ నవ్వారు.

"ఇగ ఫికర్ లేదక్కా" అంది శాంతాబాయి. "లొల్లి షురు చేసింది. అచ్చం నీ లెక్కనే."

ఆ రోజు నుంచి పాలు పెరిగాయి, తర్వాత మెత్తటి అన్నం, పప్పు, గుడ్డు. తూకం ముల్లు పైకి కదలడం మొదలైంది. ఈసారి పెరిగేది పిల్లే.

వెళ్లిపోయే ముందు శాంతాబాయి అడిగింది: "మీ ఇంటికి తీస్కపోతవా అక్కా?" నేను గిన్నె తీసుకుని కడగడానికి పోయాను. నేను వాదించకుండా లేచిపోవడం అరుదు. చట్టం ఉంది, దత్తత కోసం ఎదురుచూసే వాళ్ల వరుస ఉంది, మా వయసు ఉంది, ఇవన్నీ తర్వాత చెప్పుకున్న కారణాలు. ఆమె అడిగిన క్షణంలో నాకు గుర్తొచ్చింది మూసి ఉన్న నా షాపు. ఇది కూడా రాయకపోతే మిగతాది రాసే హక్కు నాకు లేదు.

జూలై నుంచి ఇప్పటిదాకా

పిట్ట వాపు లేకుండా సన్నగా, నడుచుకుంటూ బయటికి వచ్చింది. డిశ్చార్జి రోజు అధికారులు దాన్ని వేరే ఆశ్రమానికి తీసుకుపోతూ మా ఊళ్లో ఒక గంట ఆగితే జనం చూసింది అదే: పుల్లలాంటి పిల్ల. ఆ కథ అక్కడ స్థిరపడింది.

నేను ఫిర్యాదు రాశాను, నాలుగు పేజీలు. విచారణకు వచ్చారు. కార్యదర్శి వాళ్ల ముందు ఏం పెట్టాడో ఊహించండి. అన్నదానం చార్టు. నేను టైపు చేసిందే. నిండిన గళ్లు చూపించాడు: ఇదిగో బిర్యానీ, ఇదిగో బగార, ఇదిగో స్వీట్లు. ఏ గంటకో రాసే చోటు అందులో లేదు, ఎందుకంటే నేను పెట్టలేదు. పిల్లలకు అన్నం సమృద్ధిగా అందుతోందని రాసుకుని వెళ్లిపోయారు. ఉద్యోగం పోయింది మాత్రం లచ్చవ్వది, నాకు నిజం చెప్పినందుకు. ఇప్పుడు బీడీలు చుడుతోంది. నేను పోతే కూర్చోమంటుంది, చాయ్ పోస్తుంది, ఒక్క మాట అనదు. అంటే బాగుండేది.

ఆశ్రమం చార్టు ఇప్పుడు ఇంకో షాపులో టైపు అవుతోంది. గళ్లు నిండుతూనే ఉన్నాయి. మీలో ఎవరి పేరో ఉంటుంది. పెట్టొద్దని నేను అనను. కానీ పెట్టే రోజు పొద్దున్నే, చెప్పకుండా, ఒకసారి పోయి చూడండి, పొయ్యి వెలిగిందో లేదో. మీరు ఆలస్యమైతే చిన్నపిల్లలను ముందు తిననివ్వమని ఫోన్ చేయండి. కేకు మీ ఇంట్లో కోసుకోండి, వాళ్లకు గుడ్లు ఇవ్వండి. బుగ్గలు గిల్లే ముందు పాదం నొక్కి చూడండి. గుంట పూడకపోతే ఫోటో తీయకండి, ఆటో పిలవండి.

అధికారులు పిట్టను చేర్చిన ఆ ఆశ్రమం వేరే ఊళ్లో ఉంది. ఏ ఊరో రాయను. ప్రతి సోమవారం ఫోన్ చేస్తాను. ప్రతి సోమవారం అటునుంచి అదే ప్రశ్న: "మీరు ఏమవుతరు?" "అటెండెంటును" అంటాను. అలాంటి వరస వాళ్ల పుస్తకంలో లేదు, కాబట్టి ఏమీ చెప్పరు. పోయిన సోమవారం మాత్రం కొత్తగా చేరిన అమ్మాయి ఎవరో ఎత్తింది, మంచిదిలా ఉంది, జాలిపడింది.

"ఏం ఫికర్ చెయ్యకుండ్రి మేడం. పాప మంచిగున్నది. ఇప్పుడు బొద్దుగ అయింది, బుగ్గలొచ్చినయ్."

నేను అడిగేలోపే ఎవరో పిలిచినట్టున్నారు, ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. అడగాలనుకున్నది ఒక్కటే, ఇప్పటికీ అడుగుతున్నాను, ఎవరికి తెలిసినా చెప్పండి:

ఇవాళ అది ఎన్ని గంటలకు తిన్నది?